పీట ఎవరు వేయాలి?

భుజాన తువ్వాలు వేసుకున్నంత మామూలుగా పీట తగిలించుకుని తిరిగే మనుషులున్నారు. పడమటి ఆఫ్రికాలో బుర్కినా ఫాసో నైరుతి మూలలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఘనా, ఐవరీ కోస్ట్ సరిహద్దు పల్లెల్లోనూ ఉండే లోబీలు వాళ్లు. సేద్యగాళ్లు. లోబీ మగవాడు సంతకు పోయినా, నలుగురూ చేరి జొన్నలు పులియబెట్టిన బీరు తాగే చోటికి పోయినా ముక్కాలి పీట వెంట ఉండాల్సిందే. దాన్ని ఒకటే దుంగలోంచి చెక్కుతారు. అతుకు ఉండదు, మేకు ఉండదు. ఒక కొసన రెండు పొట్టి కాళ్లు, రెండో కొసన ఒకటే కాలు, ఆ వైపు పిడిలా పొడుచుకొచ్చిన కొయ్య. పిడి చివర చాలాసార్లు మనిషి తల చెక్కి ఉంటుంది. ఆ పిడినే భుజానికి తగిలించుకుంటారు. ఆగాలనిపించిన చోట దింపి కూర్చుంటారు. ఎండ ముదిరితే దాన్నే తలకింద పెట్టుకుని నడుం వాలుస్తారు. తగాదా ముదిరితే దాన్నే పైకెత్తుతారు.

మూడు కాళ్లెందుకంటే మన వడ్రంగి అయినా చెప్పగలడు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల పీట ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. లోబీలకు దానికి తోడు ఇంకో లెక్క ఉంది. వాళ్లకు మూడు మగవాడి సంఖ్య, నాలుగు ఆడమనిషి సంఖ్య. అందుకే మగవాడి పీటకు మూడు కాళ్లు, ఆడవాళ్ల పీటకు నాలుగు. ఏళ్ల తరబడి ఒకే ఒంటి చెమటకూ ఒకే చేతి రాపిడికీ నున్నబడిన ఆ చెక్క క్రమంగా ఆ మనిషిదే అయిపోతుంది. అతను పోయాక ఇంట్లో పూర్వీకుల గుర్తుగా మిగులుతుంది. ఆ నునుపే ఇప్పుడు యూరప్ పాత సామాన్ల బజారులో దాని ధర పెంచుతోంది. ఎంత ఎక్కువ కాలం కూర్చుని ఎంత అరిగితే అంత గిరాకీ. కూర్చున్నవాడి పేరు మాత్రం కొనేవాడికి అక్కర్లేదు.

లోబీల సంగతిలో మనం పట్టుకోవాల్సిన ముక్క ఇంకోటుంది. వాళ్లకు రాజుల్లేరు, సామంతుల్లేరు. నేలతల్లికి పూజ చేసే పెద్ద ఊళ్లో ఉంటాడు కానీ అతను ఏలేవాడు కాడు. ఫ్రెంచివాళ్లు ఆ ప్రాంతాన్ని లొంగదీసుకోవడానికి నానా తంటాలూ పడ్డారు. ఒక్క రాజును పట్టుకుంటే రాజ్యం దొరికే లెక్క అక్కడ చెల్లలేదు మరి. అలాంటి చోట ప్రతి మగవాడూ తన ఆసనం తానే మోసుకుని తిరగడంలో వింత లేదు. ‘కూర్చో’ అని ఇంకొకడు అనేదాకా నిలబడాల్సిన పని అతనికి లేదు.

వాళ్లకు దక్షిణాన, ఘనా నడిబొడ్డున ఉన్న అశాంతీల కథ దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్లది రాజ్యం. వాళ్ల బంగారు పీట మీద రాజు కూడా కూర్చోకూడదు. జాతి ప్రాణం అందులో ఉందని నమ్మకం. 1900 మార్చి 28న కుమాసీలో అశాంతీ పెద్దలను సమావేశపరచి, ఆంగ్లేయ గవర్నరు ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ ఆ పీట ఎక్కడుంది, నేను దాని మీద ఎందుకు కూర్చోలేదు అని అడిగాడు. ఎజీసు రాజమాత యా అసంటేవా నాయకత్వాన యుద్ధం వచ్చిపడింది. ఆంగ్లేయులు గెలిచారు, రాజ్యాన్ని కలుపుకున్నారు. పీట మాత్రం దొరకలేదు. ఎవరు ఎక్కడ కూర్చోవచ్చో తెలియని ఒక్క ప్రశ్న అంత రక్తం పారించింది.

చీరాల పక్కనున్న మా వేటపాలెంలో కూర్చుని ఇంత దూరపు ఊసెందుకంటే, ఆ తీరానికీ ఈ తీరానికీ మనం అనుకునేంత దూరం లేదు. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు రేవులకు ఓడలెక్కేవి. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని వర్తకులు పిలిచిన గళ్ల బట్ట నైజీరియా దాకా వెళ్లేది. అక్కడ దాన్ని పెళ్లిళ్లకూ చావులకూ కట్టుకునేవారు. మనవాళ్లు నేసిన బట్ట వాళ్ల శుభకార్యాల్లో కూర్చుంది. వాళ్ల పీట గురించి మనం నాలుగు మాటలు చెప్పుకుంటే తప్పేమీ లేదు.

మన పీట సంగతి వేరు. అది మనిషి వెంట తిరగదు, ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. బెత్తెడు ఎత్తు, మూరెడు పలక, కింద రెండు అడ్డచెక్కలు. వేప, మామిడి, పనస, ఉన్నవాళ్లయితే టేకు. వడ్రంగి రంపంతో కోసి, బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి నునుపు చేస్తాడు. నాలుగు మూలలా నాలుగు పువ్వులు చెక్కితే అది పెళ్లి పీట. కలిగినవాళ్లు ఆ పువ్వులను వెండితో చేయించి తాపడం పెట్టించేవాళ్లు. వంటింట్లో అదే పీటకు ఇనుప కత్తి బిగిస్తే కత్తిపీట. పూజ రోజున బియ్యం పోసి కలశం పెడితే దేవుడి పీట. పని అయ్యాక గోడకు నిలబెట్టేస్తారు. ఒకప్పుడు ఇంట్లో అటక మీదకు ఎక్కని సామాను ఏదైనా ఉందంటే అది పీటే.

మనిషి పుట్టగానే మొదట ఎదురయ్యే చెక్కసామాను కూడా అదే. అమ్మమ్మో, నీళ్లుపోసే మనిషో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపి, కాళ్లు బారచాపి, రెండు కాళ్ల మధ్య పల్లంలో పసిగుడ్డును పడుకోబెడుతుంది. నలుగు పెట్టి, నీళ్లు పోసి, ముక్కు నొక్కి, తల గుండ్రం చేస్తుంది. ఆవిడ నడుం నిలిచేది ఆ బెత్తెడు ఎత్తు మీదే. నేల మీద కూర్చుంటే కాళ్లు అలా చాపి అంతసేపు ఉండలేదు, కుర్చీలో అయితే అసలు కుదరదు. ఆ తర్వాత అన్నప్రాశనకు పీట, భోగిపళ్లకు పీట, అక్షరాభ్యాసానికి పీట, పెళ్లికొడుకును చేసి మంగళస్నానం చేయించేటప్పుడు పీట, మొదటి పండక్కి వచ్చిన అల్లుడికి పీట. షోడశోపచారాల్లో కూడా దేవుణ్ణి ఆవాహన చేశాక వెంటనే ఇచ్చేది ఆసనమే. కాళ్లు కడగడం, స్నానం, బట్ట, భోజనం అన్నీ తర్వాతే. పిలిచి నిలబెట్టడం మనకు మర్యాద కాదు.

ఈ జాబితా అంతటిలోనూ ఒక్క పీటా కూర్చున్నవాడు తెచ్చుకున్నది కాదు. ఇంకొకరు వేసింది. లోబీ పీటకూ మన పీటకూ అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ ఆసనం మనిషి సొంతం. ఇక్కడ అది ఎదుటివాడి దయ. దయ అనే మాట కటువుగా ఉందేమో గానీ తీసేయడానికి మనసొప్పడం లేదు. పరాయివాడికి కూడా పీట వేసి, మంచినీళ్లిచ్చి, తర్వాత పేరడిగే గుణం మనకు అక్కడి నుంచే వచ్చింది. పీట వేయకపోవడం అనే శిక్ష కూడా అక్కడి నుంచే వచ్చింది.

మన ఆసనాల కథల్లో కొన్ని చాలా పెద్దవి. పదిహేనో శతాబ్దంలో కొరవి గోపరాజు తెలుగు చేసిన విక్రమార్క సింహాసనం కథలు పిల్లలకు కూడా తెలుసు. మెట్టుకో బొమ్మ నిలబడి, భోజరాజును ‘ముందు ఈ కథ విను, నీలో ఆ గుణం ఉంటే ఎక్కు’ అంటుంది. మనకు ఇంకా దగ్గరగా ఉండేది ఆ సింహాసనం బయటపడిన వైనం. చేను కాపలాకు మంచె వేసుకున్న ఒక బాపడు మంచె మీదున్నంత సేపూ దారిన పోయేవాళ్లను ‘రండి, కోసుకోండి, తినండి’ అని పిలుస్తాడు. కిందికి దిగగానే ‘నా చేను దోచుకుంటున్నారు’ అని గోల పెడతాడు. మంచె కింద మట్టిలో సింహాసనం ఉందన్నమాట. జొన్నచేలకూ మిరపచేలకూ మంచెలు వేసిన ఈ సీమలో ఆ కథ విన్నవాళ్లకు దాన్ని విప్పి చెప్పనక్కర్లేదు. పదవి ఎక్కినంత సేపూ ఒక మాట, దిగాక ఒక మాట మాట్లాడేవాళ్లను మనం చాలామందినే చూశాం. కథలోవాడు మంచె మీదున్నప్పుడు మంచివాడయ్యాడు. ఇప్పటివాళ్లది సాధారణంగా దానికి వ్యతిరేకం.

ఇంకా వెనక్కి వెళితే కృష్ణ ఒడ్డున అమరావతి. మహాస్తూపం పలకల మీద మొదటి కాలపు శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. రావిచెట్టు కింద ఖాళీ ఆసనం, దాని మీద మెత్త, కింద పాదాల గుర్తులు, చుట్టూ చేతులు జోడించిన జనం. చూడాల్సినవాడు అక్కడ లేడు, ఆసనం ఉంది. ఆ పలకలు కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాముడి పాదుకలను సింహాసనం మీద పెట్టి, తాను కింద కూర్చుని పాలించిన భరతుడి కథ చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లకు అశాంతీల బంగారు పీట వింతగా తోచదు. ఎవరూ కూర్చోని ఆసనానికి దణ్ణం పెట్టడం మనకు కొత్త కాదు.

మళ్లీ వేటపాలెం వద్దాం. ఇక్కడ ఒక్క మనిషికి మాత్రం లోబీ రైతుకు ఉన్నట్టే తన ఆసనం తనది. గుంటమగ్గం నేసే మనిషికి. నేలలో తవ్విన గుంట అంచున ఒక చెక్క ఉంటుంది. దాని మీద మడత పెట్టిన గోనెసంచో పాత చీరో పరచి ఉంటుంది. కాళ్లు గుంటలోకి వేలాడేసి, కింద చెక్కలు తొక్కుతూ, ఒక చేత్తో నాడె తాడు లాగుతూ, రెండో చేత్తో పలక కొడుతూ పొద్దంతా దాని మీదే గడుపుతాడు. ఆ చెక్క నడిమధ్య కాస్త పల్లం పడి, అంచులు గుండ్రబడి ఉంటాయి. తండ్రి నేసిన మగ్గం మీదే కొడుకు నేస్తే ఆ పల్లం ఇద్దరిదీ. కండెలు చుట్టే ఇల్లాలు రాట్నం ముందు చిన్న పీట వేసుకుంటుంది. ఆమె కూలి లెక్కలో విడిగా కనపడదు. చీర మజూరీలోనే కలిసిపోతుంది. నేలతడి నూలుకు మంచిది, పోగు తెగదు. అదే తడి వాన ముదిరితే గుంటలోకి ఊరుతుంది, మగ్గం ఆగిపోతుంది. నీళ్లు తోడి, గుంట ఆరేదాకా ఆ చెక్క మీద కూర్చునేవాడు ఉండడు, మజూరీ కూడా ఉండదు.

ఇలా తన చెక్క మీద తాను దొరలా కూర్చున్న మనిషే నేసిన చీర మడత పెట్టుకుని మాస్టర్ వీవర్ దగ్గరకో, చీరాల బట్టల కొట్టుకో వెళితే అక్కడ ఎంతసేపు నిలబడాలో అతనికే తెలుసు. బ్యాంకులో, ఆఫీసులో అయితే చెప్పనే అక్కర్లేదు. ఏటా ఆగస్టు 7న చేనేత దినం వస్తుంది, వేదిక వేస్తారు, శాలువా కప్పుతారు. 2015 నుంచి జరుగుతున్న పండగే అది. ఆ వేదిక మీద కుర్చీల వరస చూడండి. శాలువా నేసినవాడు ఎన్నో కుర్చీలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేదో కనిపెట్టడం పెద్ద కష్టం కాదు.

అందుకే ఈ ఊళ్లో సారస్వత నికేతనం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేం. 1918లో పుట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు పాత పత్రికల కోసం వస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది ముందు ఆ కర్రనే చూస్తారు. ఒక మనిషి పట్టుకుని నడిచిన కొయ్యముక్కను అతని గుర్తుగా దాచుకోవడంలో లోబీలకూ వేటపాలేనికీ తేడా కనపడదు. అయితే మా లెక్కలో ఆ కర్ర కంటే గొప్ప వస్తువు అక్కడ ఇంకోటుంది. పేపరు చదువుకునే బల్ల. దాని మీద కూర్చోవడానికి ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. 1914లో బెజవాడలో మొదలైన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుస్తకాలు పంచిందని చెప్పుకుంటాం. అది కూర్చునే చోటు కూడా పంచింది. చదువు రాని నేతగాడు పక్కవాడి చేత పేపరు చదివించుకుని వినాలన్నా ముందు ఆ పక్కన చోటుండాలి కదా.

చోటు లేదనడం ఎలాంటిదో ఈ సీమకు బాగా తెలుసు. పాలేరు పెత్తందారు గుమ్మంలోకి వస్తే పీట వేయరు. కాళ్ల మీద కూర్చుని మాట్లాడాలి, అదీ అరుగు కింద. మంచినీళ్లు చేతిలో పోస్తారు. టీ బంకు దగ్గర గ్లాసు వేరు, బల్ల వేరు. చీరాల దాటితే కారంచేడు. 1985 జులై 17న అక్కడ దళితులను వెంటాడి చంపిన సంగతికి తాగునీటి చెరువు దగ్గర రేగిన తగాదా మొదలు. చెరువు దగ్గర ఎవరెక్కడ నిలబడాలన్న పంతం అది. కూర్చోవడం గురించిన పంతానికి అది అక్కో చెల్లెలో అవుతుంది. అదంతా పాతకాలం అనుకుందామంటే, 2020లో తమిళనాడు కడలూరు జిల్లాలో ఒక పంచాయతీకి ఎన్నికైన దళిత మహిళా అధ్యక్షురాలు సమావేశంలో నేల మీద, మిగతా సభ్యులు కుర్చీల్లో కూర్చున్న ఫొటో దేశమంతా చూసింది. ఆమెను జనం ఎన్నుకున్నారు, పదవి చట్టం ఇచ్చింది. కుర్చీ మాత్రం ఎవరో వేయాల్సి వచ్చింది. వేయలేదు.

ఈ విషయంలో ప్లాస్టిక్ కుర్చీకి మనం కొంత రుణపడ్డాం. దానికి చెక్కుడు లేదు, పువ్వు లేదు, ఒకరిదంటూ గుర్తు లేదు. వెనక తెల్లరంగుతో షామియానా సప్లయర్స్ పేరు మాత్రం ఉంటుంది. పెళ్లికీ, దినానికీ, రాజకీయ సభకీ అవే కుర్చీలు ట్రాక్టర్ మీద ఒకదాంట్లో ఒకటి దోపుకుని వస్తాయి. పల్లెల్లో దాని ముందు పెద్దమనిషికీ కూలికీ కూర్చోవడంలో తేడా కొంత తగ్గింది. పూర్తిగా పోయిందనడం లేదు. కాళ్లు ముడుచుకుని కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా కూర్చునేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం. అందం లేని ఆ కుర్చీ మీద మాకు మమకారం లేదు. దాని పని అది చేసింది.

మరి పీట ఏమైంది? డైనింగ్ టేబుల్ వచ్చాక వంటింట్లోంచి వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులు వచ్చాక పూజగదిలోంచీ వెళ్లింది. పెళ్లిలో మాత్రం నిలిచింది. రిసెప్షన్ సోఫాలు రాజుల సింహాసనాల్లా వెలిగిపోతున్నా, ముహూర్తం వేళకు వధూవరులు కిందికి దిగి పీటల మీదికే వస్తున్నారు. కన్యాదాత మోకాళ్లు సహకరించక రెండు దిండ్లు వేసిన పొట్టి స్టూలు మీద కూర్చుంటే దాన్ని కూడా పీటలనే అంటున్నారు. డెకరేషన్ వాళ్లు అద్దెకు తెచ్చే పీటలకు పసుపు రంగు వేసి, అద్దాలు అంటించి ఉంటాయి. అమ్మమ్మ కాలపు వెండి పువ్వుల పీట ఆ ఇంట్లోనే అటక మీద ఉంటుంది. దాన్ని దింపి తుడిచి వేయడానికి ఎవరికీ తీరిక లేదు, ఫొటోలో రంగు కలవదని ఇంకొక భయం. కారైకుడిలో పడగొట్టిన చెట్టియార్ల మేడల తలుపులూ పీటలూ పాత సామాన్ల బజారుకు వచ్చినట్టే మనవీ నగరాల్లో పూలకుండీల కిందికి చేరుతున్నాయి.

పీట పాతబడిపోయిందని మేం బాధపడడం లేదు. మా బాధ పెళ్లిపీటల దగ్గరే ఇంకా మిగిలిన ఒక పాత అలవాటు గురించి. భర్త పోయాక కూతుర్ని ఒంటి రెక్కల కష్టంతో పెంచిన తల్లి ఉంటుంది. మగ్గం మీద కండెలు చుట్టో, కోల్డ్ స్టోరేజీ దగ్గర బోర్లించిన డబ్బా మీద కూర్చుని మిర్చి తొడిమలు తీసో చదివిస్తుంది. సంబంధం ఆమే చూస్తుంది, కట్నం మాట ఆమే మాట్లాడుతుంది, అప్పు ఆమే చేస్తుంది. కన్యాదానం వేళకు పీటల మీద మేనమామ దంపతులో, పినతండ్రి దంపతులో కూర్చుంటారు. తల్లి స్తంభం పక్కన నిలబడి చూస్తుంది. ఒక్కోసారి అక్కడ కూడా ఉండదు, గదిలోకి వెళ్లిపోతుంది. ఎవరూ వెళ్లమనలేదు అంటారు. నిజమే, ఎవరూ అనరు. ఉండమనీ ఎవరూ అనరు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించి, ఒక బాల వితంతువును తిరిగి పెళ్లిపీటల మీద కూర్చోబెట్టారు. ఊరు వెలివేసింది, వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. అయినా పెళ్లయింది. ఆమె తన పెళ్లికి తాను కూర్చోగలిగింది. ఇన్నేళ్ల తర్వాత కూడా భర్త పోయిన తల్లి తన బిడ్డ పెళ్లికి కూర్చోలేకపోతే వీరేశలింగం గారి విగ్రహాలకు దండలు వేయడంలో ఏం ఉంది? ఈ మధ్య కొన్ని ఇళ్లలో తల్లిని కూర్చోబెడుతున్నారు. పురోహితులు కూడా చాలామంది మంత్రం చెప్పేస్తున్నారు. అడ్డం తరచుగా పురోహితుడు కాదు, ముందు వరసలో కూర్చున్న చుట్టాలు.

ఇంకొక పీట గురించి కూడా చెప్పాలి. పెళ్లి బట్టల కొనుగోలుకు వెళ్లిన కుటుంబం మెత్తటి పరుపుల మీద కూర్చుంటుంది. చీరలు విప్పి చూపించే అమ్మాయిలు ఉదయం నుంచి రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉంటారు. పిక్కల్లో నరాలు ఉబ్బి, సాయంత్రానికి చెప్పులు పట్టవు. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు దీని మీద పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. కూర్చునే హక్కు అని ఒకదాన్ని చట్టంలో రాసుకోవాల్సి రావడం సిగ్గుపడాల్సిన సంగతే అయినా, రాసుకోకపోవడం కంటే అది నయం. చీరాలలో, గుంటూరులో, ఒంగోలులో దుకాణాల యజమానులకు ఒక స్టూలు ఖరీదు లెక్కే కాదు. అలమర పక్కన అది వేసే చోటు కూడా ఉంది. కొనేవాళ్లు లేనప్పుడు అమ్మాయి దాని మీద కూర్చుంటే చీర రంగు మారిపోదు. కొనడానికి వెళ్లే మనమైనా ‘అమ్మా, నువ్వూ కూర్చుని చూపించు’ అనవచ్చు. అది అనడానికి మనకు చట్టం అక్కర్లేదు.

లోబీల్లా మన పీట మనం మోసుకు తిరిగే రోజులు రావు, అవసరమూ లేదు. మన పద్ధతిలో ఆసనం ఒకరు ఇంకొకరికి ఇచ్చేది. ఇచ్చే చెయ్యి ఆగిన చోటల్లా కూర్చోవాల్సిన మనిషి నిలబడి ఉంటుంది. రాబోయే పెళ్లిళ్ల రోజుల్లో మీ ఇంట్లోనో, దగ్గరి చుట్టాల ఇంట్లోనో అలాంటి తల్లి ఉంటే కన్యాదానానికి ఆమెకే పీట వేయండి. ముహూర్తం వేళ పందిట్లో వాదన పెట్టుకోవద్దు. లగ్నపత్రిక రాసుకునే రోజే పురోహితుడికి చెప్పండి, మేనమామకు చెప్పండి, మగపెళ్లివారికీ చెప్పండి. ఆమెకు మాత్రం అందరికంటే ముందు చెప్పండి, పట్టుచీర కొనుక్కోవడానికి వ్యవధి ఉంటుంది.